ఏంజెలమ్మ ఒక్కపొద్దు

పద్మనాభయ్యకు కాదనడం చేతకాదు. అల్లూరుకు తూర్పున, సముద్రపు హోరు వినపడేంత దూరంలో ఉన్న వాళ్ళ ఊళ్ళో ఆయనకు మంచివాడని పేరు రావడానికి సగం కారణం అదే. ఎవరైనా ఎద్దులడిగితే ఇవ్వనని అనడు, ఎద్దుకు గిట్ట వాచిందంటాడు. పెళ్ళికి పోవడం ఇష్టం లేకపోతే ఆ రోజే కోర్టు వాయిదా ఉందంటాడు. అడిగినవాళ్ళు నొచ్చుకోరు, ఈయన పని ఈయనకు జరిగిపోతుంది. "మా ఆయన అబద్ధాలాడడమ్మా, నిజాన్ని కాస్త పక్కకు జరిపి కూచుంటాడు" అని భార్య వెంకటశేషమ్మ నలుగురిలో అంటూ నవ్వేది. ఆయనా నవ్వేవాడు.

డెబ్బయ్యేళ్ళ జీవితంలో ఆయన చేసిన పెద్ద పనులంటూ ఏమీ లేవు. తండ్రి ఇచ్చిన మాగాణి పండించాడు. ఊళ్ళోకి రొయ్యలు వచ్చినప్పుడు అందరిలాగే పొలంలో సగం చెరువు తవ్వించాడు, వైరసు వచ్చినప్పుడు అందరిలాగే తల పట్టుకున్నాడు, తరవాత మళ్ళీ వరి నాటాడు. మధ్యలో నాలుగేళ్ళు సరుగుడు తోపుల అవతల, ఒడ్డున కట్టిన రొయ్యపిల్లల హేచరీలో సూపర్వైజరుగా చేశాడు. ఆ నాలుగేళ్ళలోనే ఆయనకు ప్రాణస్నేహితుడు దొరికాడు.

అతని పేరు నెస్టర్. ఊరికి నెస్టారు. తల్లిరొయ్యల చేత గుడ్లు పెట్టించే విద్య అప్పట్లో మనవాళ్ళకు తెలియదు. ఫిలిప్పీన్సు నుంచి మనిషిని పిలిపించారు. భార్య ఏంజెలిన్‌తో, చంకలో ఏడాది కూడా నిండని కూతురు అబిగయీలుతో దిగాడు. పద్మనాభయ్య ఇంటి పక్కనే ఇల్లు అద్దెకు తీసుకున్నారు. పిల్లలు మొదట్లో "చీనా ఆమె, చీనా ఆమె" అని ఏంజెలిన్ వెంట పడేవాళ్ళు. ఆరు నెలలు తిరక్కుండానే ఆమె నీళ్ళ పంపు దగ్గర ఆడవాళ్ళతో సమానంగా తెలుగులో పోట్లాడింది. అప్పుడు ఏంజెలమ్మ అయింది. వెంకటశేషమ్మను వొదినా అనీ, పద్మనాభయ్యను అన్నా అనీ పిలిచేది. ఆ లెక్కన నెస్టారు ఈయన్ని బావా అన్నాడు. అతనికి వచ్చిన తెలుగు ట్రాక్టరు డ్రైవర్ల దగ్గర నేర్చుకున్నది కావడంతో ఆడవాళ్ళ ముందు నోరు తెరవనిచ్చేవాళ్ళు కారు.

తెల్లారకముందే ఇద్దరూ ఒడ్డుకు పోయి, పడవలు తెచ్చిన తల్లిరొయ్యల్ని నీళ్ళలో పెట్టుకుని వచ్చేవాళ్ళు. పొద్దెక్కాక పద్మనాభయ్య ఇంట్లో సద్ది తినేవాళ్ళు. అన్నం, పులుసు, మామిడికాయ, ఏది పెట్టినా నెస్టారు వేళ్ళు నాకేవాడు. పద్మనాభయ్య తల్లి అప్పటికి బతికే ఉంది. ఆవిడ ఆ దంపతుల కోసం రెండు పళ్ళాలు, రెండు గ్లాసులు వేరుగా పెట్టి, వాటిని వసారా చూరు కిందే ఉంచేది. తిన్నాక ఏంజెలమ్మ వాటిని తనే కడిగి బోర్లించేది. పద్మనాభయ్య చూసేవాడు. చూసి, మాటను సముద్రం మీదికో, వాన మీదికో మళ్ళించేవాడు.

మొదటి క్రిస్మసుకు నెస్టారు వాకిట్లో వెదురు బద్దలతో నక్షత్రం కట్టి, పందిపిల్లను తెచ్చి, పొడుగాటి వెదురుకు గుచ్చి, నిప్పుల మీద తిప్పుతూ కాల్చాడు. ఊళ్ళో పిల్లలంతా కంచె పట్టుకుని వేలాడారు. పెద్దవాళ్ళు చూడనట్టు నటిస్తూ రెండుసార్లు అటువైపే నడిచారు. మధ్యాహ్నం భోజనానికి రమ్మన్నది ఒక్క పద్మనాభయ్యనే. ఆయన అరటిగెల పట్టుకుని గడప దాకా వచ్చాడు. లోపల తెల్లటి గుడ్డ పరిచిన బల్ల కనిపించింది. వెనక ఊరి కళ్ళు కనిపించకుండానే కనిపించాయి. తల్లి గొంతు వినపడకుండానే వినపడింది.

"ఈరోజు నేను ఒక్కపొద్దు, నెస్టారూ" అన్నాడు.

"అంటే ఏంది బావా?"

"పగలంతా ఏమీ ముట్టను. దేవుడు పుట్టినరోజు మేం విందు చేసుకోం, పస్తుంటాం. శ్రీరామనవమికీ అంతే, కృష్ణాష్టమికీ అంతే."

"ఇది మా దేవుడు గదా?"

"దేవుడికి మీ, మా ఏందయ్యా?"

ఆ మాట ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆయనకే తెలియదు. అన్నాక చాలా బాగుందనిపించింది. వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చిన ఏంజెలమ్మ ఆ మాట విని నిలబడిపోయింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పద్మనాభయ్య ఇంటికి వచ్చి తలుపు దగ్గరికి వేసుకుని పెరుగన్నంలో ఆవకాయ నంజుకుని తిన్నాడు.

మరుసటి ఏడు మళ్ళీ అదే మాట. ఆపైన చెప్పాల్సిన పనే లేకపోయింది. క్రిస్మసు నాడు పొద్దుగూకాక ఏంజెలమ్మ పళ్ళు పంపేది, అంతే. వైరసు దెబ్బకు హేచరీ మూతపడి, వాళ్ళు నెల్లూరు స్టేషన్లో రైలెక్కేటప్పుడు ఏంజెలమ్మ వెంకటశేషమ్మ మెడ పట్టుకుని వదల్లేదు. ఆ తరవాత కొన్నాళ్ళు కార్డులు వచ్చాయి. తరవాత అవీ లేవు.

*

ఇన్నేళ్ళకు పెద్ద కూతురి బిడ్డ రేవతి డాక్టరు చదువుకు నెస్టారు వాళ్ళ దేశమే పోయింది. ఫోనులో వెతికి వెతికి నెస్టారు ఊరు పట్టుకుంది. "తాతా, నువ్వూ అవ్వా క్రిస్మసుకు వచ్చి తీరాలంట. ఆయన ఫోన్లోనే ఏడ్చేసినాడు." పద్మనాభయ్య మోకాళ్ళన్నాడు, నాట్లన్నాడు, పాస్‌పోర్టు పాతబడిందన్నాడు. రేవతి ఈ తరం పిల్ల, మాటలు వినలేదు, టిక్కెట్లు పంపింది. వాళ్ళను నెస్టారు ఇంటి దగ్గర దించి, ఆసుపత్రి డ్యూటీ ఉందని తను వెళ్ళిపోయింది.

ఆ ఊరు చూస్తే పద్మనాభయ్యకు ఇల్లు దాటి వచ్చినట్టే లేదు. అదే ఇసక, అవే కొబ్బరిచెట్లు, చేపలెండే అదే వాసన. కాకపోతే ప్రతి ఇంటి చూరుకూ గవ్వపెంకుల నక్షత్రాలు వేలాడుతున్నాయి. ఇంటి వెనక కొయ్యకు కట్టిన పంది ఒకటి ఎవరినీ లెక్కచెయ్యకుండా నిద్రపోతోంది. నెస్టారు పళ్ళూడి, ఒక చెవి వినపడక, సగమైపోయాడు. "ఒరే బావా!" అని మొదలుపెట్టి పాత ట్రాక్టరు తెలుగంతా ఒక్క గుక్కలో కురిపించాడు. వెంకటశేషమ్మ చెవులు మూసుకుంది.

ఏంజెలమ్మ తెలుగు మాత్రం చెక్కు చెదరలేదు. మనిషే చిక్కిపోయింది. చక్కెర జబ్బు, రెండు పూటలా సూది.

"ఎట్టుండావన్నా? వొదినా, నువ్వేంది ఇట్టా నెరిసిపొయినావు? రాండి, కూచోండి. ఇదో, ఇవి మీకే."

పెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టింది. రెండు కొత్త పింగాణీ పళ్ళాలు, రెండు గ్లాసులు.

"మీ ఇంట్లో మాకని వేరే పళ్ళేలు పెట్టేది గదా మీ అమ్మ, ఎవుర్నీ ముట్టనిచ్చేది కాదు. అంత మర్యాద మాకు ఎవురూ చెయ్యలా. అందుకే మీకనీ కొన్నా. మా పిల్లోళ్ళను కూడా ముట్టనీను."

వెంకటశేషమ్మ తల వంచుకుంది. పద్మనాభయ్య గ్లాసు చేతిలోకి తీసుకుని చాలా బాగుందన్నాడు.

పండగ ముందునాడు ఏంజెలమ్మ అరటాకుల్లో బెల్లం కలిపిన బియ్యప్పిండి పొట్లాలు కడుతూ అంది. "వొదినా, రేపు మధ్యాన్నం నీకు కోడి విడిగా చేయిస్తా. అన్నకూ నాకూ పొద్దుగూకినాకే గదా, పళ్ళు చాలు."

"నీకెందుకమ్మా?" అన్నాడు పద్మనాభయ్య.

"నేనూ ఒక్కపొద్దే గదన్నా. అప్పట్నించీ." ఇంకేదో తీయడానికి లోపలికి పోయింది.

ఆ సాయంత్రం అబిగయీలు ఆయన్ను వెతుక్కుంటూ ఒడ్డుకు వచ్చింది. ఇప్పుడామె నర్సు, ఇద్దరు పిల్లల తల్లి. చిన్నప్పటి తెలుగు "మామా" ఒక్కటే మిగిలింది. తక్కినదంతా నెమ్మదైన ఇంగ్లీషులో, ఈయనకు అర్థమయ్యేట్టు చెప్పింది. అమ్మ ఏటా క్రిస్మసు నాడు పచ్చి మంచినీళ్ళు కూడా తక్కువే తాగుతుంది. అందరికీ వడ్డిస్తుంది, తను తినదు. పోయిన సంవత్సరం సాయంత్రం పొయ్యి దగ్గర కూలిపోయింది. చక్కెర పడిపోయింది, మరి కాసేపైతే దక్కేది కాదు. డాక్టరు వద్దన్నాడు. చర్చి ఫాదరు కూడా వద్దన్నాడు. "నేను మీ దగ్గర పట్టిన మొక్కు కాదు ఫాదర్, పద్మనాభన్న దగ్గర పట్టినా" అందట. "మీరు చెప్తేనే వింటుంది మామా. అందుకే రేవతి చేత మిమ్మల్ని అంత బలవంతంగా పిలిపించాను" అంది అబిగయీలు. ఆయన చెయ్యి తీసుకుని, పెద్దలకు మొక్కే వాళ్ళ ఆచారం ప్రకారం, తన నుదుటికి ఆనించుకుంది.

పద్మనాభయ్య ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా జేబులో దూర్చుకున్నాడు.

విషయం విని వెంకటశేషమ్మ మంచం మీద కూలబడింది.

"ఆ రోజు నువ్వు ఇంటికొచ్చి పెరుగన్నం తింటివి. ఆ తల్లి ఇన్నేళ్ళు మాడింది. చూసినావా నీ మంచితనం?"

"గమ్మునుండు. వినపడతాది."

"వినపడనీ. నిజం చెప్పేస్తే చస్తావా?"

"నేను చావను. అందుకే గదా భయం."

"ఏం భయం?"

"ఆమెకు ఏం మిగులుద్దో చూడు. ఇన్ని పండగలు ఒక అబద్ధం కోసం ఎండింది అని తెలిస్తే..."

వెంకటశేషమ్మ దుప్పటి లాక్కుంది. "మొక్కు పట్టించినోడివి నువ్వే. తీర్చే తోవ కూడా నువ్వే చూడు" అని గోడవైపు తిరిగి పడుకుంది.

*

పొద్దున్నే చర్చికి పోయివచ్చి ఏంజెలమ్మ పెరట్లో కొబ్బరి కోరుతోంది. పంది అప్పటికే నిప్పుల మీద ఉంది. నెస్టారు, అల్లుడు వంతులవారీగా తిప్పుతున్నారు. పద్మనాభయ్య పీట లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఈసారి నిజం చెప్పెయ్యాలనే కూర్చున్నాడు. మొదటి మాట కూడా సిద్ధం చేసుకున్నాడు.

"ఏంజెలమ్మా, ఆ ఒక్కపొద్దు సంగతి..."

"ఆ, నేనే చెప్దామనుకుంటా ఉండా అన్నా. నీకెప్పుడూ చెప్పలా. మన అబిగయీలుకు జొరం వచ్చి నెల్లూరు ఆసుపత్రిలో కళ్ళు తేలేసింది గుర్తుందా? నువ్వే గదా జీపు తోలింది. నేను తలుపు సందులోంచి బయటికి చూసినా. నువ్వు బెంచీ మీద కూచోనుండావు, కాళ్ళు వాచిపొయి. అప్పుడనిపించింది. ఈయనది వేరే దేవుడు. అయినా మా దేవుడు పుట్టినరోజు కడుపు మాడ్చుకుంటాడు. నేను కన్నతల్లినే, పండగపూట కడుపునిండా తింటా ఉండా. సిగ్గేసిందన్నా. నా బిడ్డ బతికితే అన్న పట్టిన ఒక్కపొద్దే నేనూ పడతానని అనుకున్నా. తెల్లారేసరికి జొరం దిగింది." ఆమె కోరుడు ఆపి నవ్వింది. "నీ మొక్కు మా బిడ్డను బతికించింది. ఆ బిడ్డకు మళ్ళీ బిడ్డలు. ఒక్క పగలు తినకపోతే ఏం పోతాది చెప్పు?"

పద్మనాభయ్య సిద్ధం చేసుకున్న మాట నోట్లోనే ఉండిపోయింది. ఆసుపత్రి బెంచీ నిజం. వాచిన కాళ్ళు నిజం. ఆ పిల్ల కోసం ఆ రోజు ఆయన నిజంగానే అన్నం ముట్టలేదు, ముట్టబుద్ధి కాలేదు. ఆ నిజాన్ని ఎవరూ మొక్కు అనలేదు. గడపలో ఆడిన అబద్ధానికి మాత్రం ఇంత పూజ జరిగింది. దాన్ని ఇప్పుడు ఆమె చేతుల్లోంచి లాక్కుని, ఇది ఉత్తదేనమ్మా అని చెప్పే ధైర్యం ఆయనకు లేదు. ధైర్యం ఉన్నా, హక్కు ఉందో లేదో తేల్చుకోలేకపోయాడు. పొయ్యి దగ్గర నుంచి అబిగయీలు ఇటే చూస్తోంది.

"అది కాదమ్మా, ఉద్యాపన చెయ్యాల" అన్నాడు.

"అదేంది?"

"ఏ నోమైనా పట్టినాక ఒకరోజు తీర్చుకోవాల. మీ వొదినను అడుగు, కావలిస్తే. తీర్చుకోకపోతే పట్టిన ఫలం నిలవదు. ఎవురి దగ్గర పట్టినామో వాళ్ళ ఎదటనే తీర్చుకోవాల."

ఏంజెలమ్మ భయపడింది. "అట్టనా? ఇన్నేళ్ళూ తెలీదే! ఎట్టా తీర్చేది?"

అటుగా పోతున్న వెంకటశేషమ్మ ఆగింది. మొగుడి ముఖం చూసింది. ఆయన ఏం చేస్తున్నాడో ఆమెకు అర్థమైంది.

"పట్టించినోళ్ళు వచ్చి, పట్టినోళ్ళ ఇంట్లో పండగ భోజనం చెయ్యాల" అంది వెంకటశేషమ్మ, మొగుడి మీద నుంచి చూపు తిప్పకుండా. "ఆ ఇంట్లో ఆ పూట ఏది వండితే అదే. ఇది వద్దు, అది వద్దు అనకూడదు. పళ్ళెం కూడా అందరిదే. వేరే పళ్ళెం పనికిరాదు. ఆయన తిన్నాక నువ్వు తినాల. ఆపైన ఒక్కపొద్దు లేదు, తీరిపొయినట్టే."

"ఏది వండితే అదా?" అంది ఏంజెలమ్మ, నిప్పుల వైపు అనుమానంగా చూస్తూ. "అన్నకు అలవాటు లేదే. కోడి..."

"నోముకు అలవాటేందమ్మా?" అంది వెంకటశేషమ్మ.

*

మధ్యాహ్నం బల్ల చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చున్నారు. పద్మనాభయ్యను నడుమ కూర్చోబెట్టారు. పాత పళ్ళెం ఒకటి, అంచు చిట్లినది, ఆయన ముందు పెట్టారు. ఉద్యాపన సంగతి తెలిసిన నెస్టారు సంబరం పట్టలేక, ఎర్రగా కాలిన చర్మం పెళ్ళున విరిచి, మాంసంతో సహా ఆయన పళ్ళెంలో వేశాడు. "తిను బావా! ఇన్నాళ్ళూ తప్పించుకున్నావు, ఒరే!" అని ఆపైన ఒక ట్రాక్టరు మాట కూడా అన్నాడు. ఈసారి వెంకటశేషమ్మ చెవులు మూసుకోలేదు.

"నీకో, వొదినా?"

"నేను పట్టించలేదమ్మా, నాకు కోడే" అంది. అందరూ నవ్వారు.

పద్మనాభయ్య ముద్ద కలిపాడు. ఊరు గుర్తుకు రాలేదు, తల్లి గొంతు వినపడలేదు. వినపడి ఉంటే బాగుండేది, కనీసం దేనికో ఎదురు నిలబడి తిన్నట్టుండేది. ఎదురెవరూ లేరు. ఎదురుగా ఏంజెలమ్మ ఒక్కతే ఉంది, రెండు చేతులూ జోడించి, తన నోటి వంకే చూస్తూ. ఆ చూపులో ఉన్న భక్తి ఆయనకు కారంకన్నా ఎక్కువ మండింది. ముద్ద నోట్లో పెట్టుకుని మింగాడు. రెండో ముద్దా తిన్నాడు.

"ఇంగ నువ్వు తినమ్మా."

ఆమె చెంచా ఎత్తి, ఆపింది. ఏదో తప్పు చేస్తున్నట్టు చుట్టూ చూసింది. చివరికి ఏంజెలమ్మ చెంచా కింద పెట్టేసి, నెల్లూరు వాళ్ళలాగా చేత్తో అన్నం కలిపి తిన్నది. నములుతూ నములుతూ ఆగి, "ఉప్పు చాల్లేదు" అంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నెస్టారు ఏడ్చాడు. అబిగయీలు ఆయన వైపు తిరిగి తల వంచింది, కృతజ్ఞతతో. పద్మనాభయ్య ఆ చూపు అందుకోలేక పళ్ళెంలో అన్నం కెలికాడు. తప్పు చేసినప్పుడు ఏంజెలమ్మ ఒక్కతే ఆయన్ను మంచివాడంది. దాన్ని మరో అబద్ధంతో కప్పినందుకు ఇప్పుడు ఇంటిల్లిపాదీ అంటున్నారు.

ఏంజెలమ్మ కడుపునిండా తింది. మారు వడ్డించుకుంది. బియ్యప్పిండి పొట్లాలకు చెయ్యి చాస్తే కూతురు కసిరి లాగేసుకుంది.

భోజనాలయ్యాక అబిగయీలు తల్లి వేలు గుచ్చి చక్కెర చూసి, పరవాలేదన్నట్టు తల ఊపింది. ఏంజెలమ్మ వాకిట్లో వెదురు కుర్చీలో వాలింది. "కడుపు నిండితే పండగపూట ఇంత నిద్ర వస్తాదని మరిచేపోయినా వొదినా."

వెంకటశేషమ్మ చెప్పులు వేసుకుంది. "రావయ్యా, ఒడ్డు దాకా పోయొద్దాం."

"నువ్వు పో. నేనిక్కడ ఉంటా."

ఆమె ఒక క్షణం నిలబడి చూసింది. ఒక్కతే పోయింది.

పంది కాల్చిన చోటు నుంచి ఈగలు వచ్చి ఏంజెలమ్మ చేతుల మీద వాలుతున్నాయి. పద్మనాభయ్య అట్టముక్క ఒకటి తీసుకుని, కుర్చీ పక్కన నేల మీద కూర్చుని విసరడం మొదలుపెట్టాడు. ఆమె కళ్ళు తెరవకుండానే అంది.

"అన్నా, నీ మొక్కు దేని కోసమో నేనెప్పుడూ అడగలా. తీరిందా?"

ఆయన విసరడం ఆపలేదు. ఏం చెప్పాలో వెతుక్కుంటున్నాడు. డెబ్బయ్యేళ్ళలో మొదటిసారి ఆయనకు నిజాన్ని పక్కకు జరిపే మాట ఒక్కటీ దొరకలేదు. ఆమె జవాబు కోసం ఎదురుచూడలేదు. ఊపిరి బరువెక్కి, చిన్నగా గురక పెట్టింది. పద్మనాభయ్య అట్టముక్క చెయ్యి మార్చుకుని, ఈగలు తోలుతూ కూర్చున్నాడు.